మా ఊరి వీరుణ్ణి పట్టించిందెవరు?

నా మూలంగా మా ఊళ్ళో జనం ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకోవడం మానేసిన రోజులు కొన్నున్నాయి. పెద్ద పెద్ద మగాళ్ళు చెవులు కప్పుకుని తిరిగారు. చలికాలమా అంటే కాదు, ఆగస్టు నెల. వాన మొహం చాటేసి, ఉక్కకి గేదెలు కూడా నోరు తెరిచి నిలబడుతుంటే, మా పెద్దమనుషులు తలపాగాలు చెవుల కిందిదాకా లాక్కుని కూర్చున్నారు. దీనికంతటికీ కారణం ఒక పాట. అది రాసింది నేను. ఇంత ఉపద్రవం వస్తుందని ముందే తెలిస్తే రాసేవాడివి కాదు కదా అని మీరడుగుతారేమో. నిజం చెప్పాలంటే, ఇంకాస్త పెద్దది రాసేవాణ్ణి. అప్పట్లో నేనట్లాంటి వాణ్ణి.

ఎట్లాంటి వాణ్ణంటే, బి.ఏ. పాసయినవాణ్ణి. మా ఇంటిపేరు పెట్టుకున్న మనుషుల్లో అప్పటిదాకా ఐదో తరగతి దాటినవాడు లేడు. నాన్న సున్నం బట్టీలో పనిచేసేవాడు, అమ్మ మిరపకోతలకి పోయేది. అట్లాంటి కొంపలోంచి నేను నరసరావుపేట వెళ్ళి, చదివి, పాసయ్యాను. ఆ రోజు గురజాల బస్సులో టిక్కెట్టు అడిగిన కండక్టరుకి "బి.ఏ. పాసయ్యానండీ" అని చెప్పాను. "సంతోషం. యాడికి?" అన్నాడాయన. పక్కన కోళ్ళగంప పెట్టుకున్న ముసలామెకి కూడా చెప్పాను. ఆమె గంపని కాస్త తనవైపు జరుపుకుంది.

ఇంటికొచ్చేసరికి మా నాయనమ్మ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుతోంది.

"నాయనమ్మా, బి.ఏ. పాసయ్యాను!"

"ఎవరు చెప్పారు?"

"కాలేజీలో బోర్డు మీద పెట్టారు."

"ఆ బోర్డు పెట్టినాయన నీకు తెలుసా?"

"తెలవదు."

"తెలవనోడు రాసిందాన్ని నమ్మి పరిగెత్తుకుంటా వచ్చావా? సరే, అన్నం తిను."

అనుమానం మా ఊరి గాలిలోనే ఉంటుంది. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వాడంటారు, నవ్వకపోతే ఏం మనసులో పెట్టుకున్నాడంటారు. ఈ సంగతి పుట్టినప్పట్నుంచీ తెలిసి కూడా నేను మరిచిపోయాను. డిగ్రీ చదివినవాళ్ళకి అట్లాంటి మరపు ఒకటి వస్తుంది.

ఆ ఏడే మా ఊరివాళ్ళు సొంతంగా ఒక హైస్కూలు పెట్టుకున్నారు. తాటాకు పందిరి కింద బెంచీలు వేశారు, లెక్కల పంతులు దొరికాడు, ఇంగ్లీషు పంతులు దొరికాడు, తెలుగు పంతులు జాగా మిగిలింది. ఆ జాగా నాకు కావాలి. నాకోసం అనుకునేరు, నాన్న కోసం. బట్టీ పొగకి ఆయన దగ్గు ఎంత ముదిరిందంటే, ఆయన దగ్గితే మూడిళ్ళ అవతల పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. నాకు ఉద్యోగమొస్తే ఆయన బట్టీ మానేస్తాడు. ఇంట్లో అందరికీ అదొక్కటే ఆశ.

ఉద్యోగమిచ్చేది స్కూలు కమిటీ. కమిటీ అంటే ముగ్గురు. మొదటివాడు ఊరి ప్రెసిడెంటు పెదవెంకయ్య. నేను పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేం లేదు, భయం. రెండోవాడు చలమయ్య బాబాయ్, ప్రెసిడెంటు మీద నిలబడి ఓడిపోయి, ఆ ఓటమిని పెళ్ళాం పుట్టింటికి పోయినంత దిగులుగా మోస్తున్నవాడు. మూడోవాడు మస్తాన్ మామ, సైకిల్ షాపూ మైకుసెట్టూ ఆయనవి. ముగ్గురూ ఊఁ అంటేనే నాకు పని. ఆ ముగ్గురూ కలిసి ఊఁ అన్న సందర్భం అప్పటివరకు స్కూలు పెట్టడం ఒక్కటే. అది కూడా ఒకరు చెయ్యి ఎత్తారేమోనని మిగతా ఇద్దరూ అనుమానపడి ఎత్తారని చెప్పుకుంటారు.

నేను వెళ్ళి అడిగితే ప్రెసిడెంటు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఒరేయ్ కోటీ, పాటలూ పద్యాలూ కట్టగలవా?"

"కడతాను పెదనాన్నా. బి.ఏ. పాసయ్యాను గదా."

"అది రోజూ చెప్తన్నావులే. ఆగస్టు పదిహేనుకి అంకాలయ్య విగ్రహం పెడతన్నాం. విగ్రహం ఊరికే నిలబడితే అదెవడో ఎవడికి తెలిసిద్ది? పక్కన నిలబడి ఒకడు అరవాలి. నువ్వు పాట కట్టి మైకులో పాడు. బాగుంటే పంతులు పని నీదే."

అంకాలయ్య మా ఊరి వీరుడు. తెల్లదొరల కాలంలో ఒక దొర మా ఊరి బయట గుడారం వేసుకుని జనాన్ని పీడిస్తుంటే, కొడవలి పట్టుకుని పోయి గుడారం తాళ్ళన్నీ తెగ్గోశాడు. గుడారం దొర మీద కూలింది. తర్వాత దొర మనుషులు అంకాలయ్యని పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఊరికి తెలిసిన చరిత్ర ఇంతే. అయితేనేం, ఆయన పేరు తలుచుకుంటే నాయనమ్మ లాంటి వాళ్ళు కూడా చేతిలో పని ఆపేవాళ్ళు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆయన ఏదో ఒక వరసలో బంధువు. ప్రెసిడెంటుకి తాత వరస, చలమయ్యకి మేనత్త మొగుడి వరస, మస్తాన్ మామ తాతకి ప్రాణస్నేహితుడు. ఆ లెక్కన అంకాలయ్య ఊరంతా తిరిగి భోజనాలు చెయ్యడానికే ఒక జన్మ చాలదు.

కవులు పాతకాలపు దేశభక్తుల్నే ఎందుకు పొగుడుతారు అని మా కాలేజీలో లెక్చరరు ఒకసారి అడిగారు. చచ్చిన ధైర్యాన్ని బతికున్నవాళ్ళలోకి ఎక్కించడానికి అని నేనే లేచి జవాబు చెప్పాను. ఆయన భుజం తట్టారు. పాట రాయడానికి కూర్చున్నాక నాకింకో కారణం కనపడింది. పాతకాలపు వీరుడైతే నువ్వేం రాసినా ఇట్లా కాదురా అనడానికి ఆయన లేచి రాడు. ఎంత సుఖం! మీసం నా ఇష్టం, గొంతు నా ఇష్టం, ఛాతీ కొలత నా ఇష్టం. దర్జీవాడిక్కూడా అంత స్వేచ్ఛ ఉండదు.

చాపమీద బోర్లా పడుకుని మొదలుపెట్టాను:

"కొడవలొకటే అండ, కొండలాంటి గుండె
గుడారపు తాళ్ళన్ని పుటుక్కున తెంచెరా!"

బ్రహ్మాండంగా వచ్చింది. ఇంకో రెండు చరణాలు గుడారం కూలడం, దొర దాని కింద కొట్టుకోవడం. అక్కడికి సరుకు అయిపోయింది. ఇక వీరుడు దొరికిపోవాలి. ఎట్లా దొరికిపోవాలి? కొండలాంటి గుండె అని నేనే రాశాను, దొర మనుషులు వచ్చి చెయ్యి పట్టుకుంటే దొరికిపోతాడా? పరువేం కాను? కాబట్టి ఎవడో పట్టివ్వాలి. దగ్గరివాడే పట్టివ్వాలి. ఒక ద్రోహి కావాలి. ద్రోహికి పేరు పెట్టలేదు, పేరెందుకని. ఊరికే కాస్త రూపం ఇచ్చాను, వినేవాడికి కళ్ళకి కట్టాలి గదా:

"పిల్లికళ్ళ నీచుడొకడు గోడచాటున నక్కి
తెల్లదొరకు చెప్పినాడు వీరుడున్న చోటు!"

నాకే ఒళ్ళు జలదరించింది. ఆగస్టు పదిహేను ఇంకా పది రోజులుంది. అన్నాళ్ళు కడుపులో దాచుకోవడం నావల్ల కాలేదు. తెల్లారగానే బస్సులు ఆగే చోట ఉన్న టీ హోటలుకి పోయి, అడగని వాళ్ళకి కూడా పాడి వినిపించాను. తాళ్ళు తెగినప్పుడు చప్పట్లు కొట్టారు. గుడారం కూలినప్పుడు ఒకాయన టీ ఇప్పించాడు. పిల్లికళ్ళ దగ్గరికి వచ్చేసరికి హోటల్లో పొయ్యి చప్పుడు తప్ప ఇంకోటి వినపడలేదు. అందరూ ఒకవైపే చూస్తున్నారు. నేనూ చూశాను. మూల బల్ల దగ్గర ప్రెసిడెంటు పెదవెంకయ్య టీ తాగుతున్నాడు. ఆయనవీ, ఆయన అన్నదమ్ములవీ, ఆయన పిల్లలవీ, అందరివీ పిల్లికళ్ళే. పుట్టిన్నుంచీ చూస్తున్న కళ్ళు. రాసేటప్పుడు ఒక్కసారన్నా గుర్తుకు రావచ్చు కదా? రాలేదు.

ఆయన అరవలేదు. లేచి వచ్చి నా భుజమ్మీద చెయ్యేసి బయటికి నడిపించాడు. అరిచినా బాగుండేది.

"కోటీ, ఎవరు చెప్పారురా నీకు?"

"ఏంది పెదనాన్నా?"

"అదే. గోడచాటు సంగతి."

"ఎవరూ చెప్పలా. నేనే ఊహించి రాశా."

"ఊహించావా? చలమయ్య చెప్పాడా?"

"లేదు పెదనాన్నా!"

"చలమయ్య ఊహించమన్నాడా?"

నాకు అక్కడ అనుమానం పట్టుకుంది. మా తాత అట్లాంటివాడు కాదు అని గదా ఆయన అనాలి? ఎవరు చెప్పారని అడుగుతాడేంది? కొంపదీసి నేను గుడ్డిగా విసిరిన రాయి నిజం పండుకే తగిలిందా?

"మారుస్తాలే పెదనాన్నా" అన్నాను.

"మార్చు. మార్చి, చెవులు చూసుకుని మార్చు" అన్నాడు. చెవులేంటో అప్పుడు అర్థం కాలేదు. ఆయన అన్నాడు కదా అని 'పిల్లికళ్ళ' తీసేసి 'చెవిపోగుల నీచుడొకడు' అని పెట్టి, హోటల్లో మళ్ళీ పాడాను. పాతకాలపు మనుషులకి పోగులుండేవి కదా, ఎవరికి నొప్పి అనుకున్నాను.

నొప్పి చలమయ్య బాబాయ్‌కి. వాళ్ళ ఇంట్లో మగపిల్లాడు పుడితే రెండు చెవులకీ పోగులు కుట్టించడం తాతముత్తాతల నుంచి ఆచారం. ఊరు మొత్తానికి ఇప్పటికీ ఆ ఒక్క ఇంట్లోనే ఉందట. సాయంత్రానికల్లా మా వాకిట్లో నిలబడ్డాడు. తలపాగా చెవుల మీదికి దిగి ఉంది.

"ఏరా అబ్బాయ్, పొద్దున కళ్ళు, సాయంత్రానికి చెవులు. ప్రెసిడెంటు ఏం పెట్టాడు నీకు?"

"టీ కూడా పెట్టలా బాబాయ్."

"మా తాత ఆ రోజు యాడున్నాడో ఊళ్ళో ఎవడికీ తెలవదు. తెలవని సంగతి గెలకొద్దు."

చూశారా? ఈయన తాత కూడా ఆ రోజు ఎక్కడున్నాడో తెలియదట! నా అనుమానం రెండింతలైంది. చలమయ్య పోతూ పోతూ నా చెవిలో చెప్పాడు: "గుర్రం సంగతి ఆలోచించావా? పట్నంలో దొర మనుషుల దాకా అంత తొందరగా కబురు ఎట్టా పోయింది? నడిచి పోయిందా?"

తర్కం బాగుంది. బి.ఏ.లో నాకు తర్కం ఒక పేపరు. 'గుర్రమెక్కి నీచుడొకడు' అని మార్చి, ఆ రాత్రే నలుగురికీ పాడి వినిపించాను. మర్నాడు సైకిలు ట్యూబుకి పంక్చరు వేయించుకుందామని మస్తాన్ మామ షాపుకెళ్ళాను. మామ ట్యూబు నీళ్ళలో ముంచి, బుడగలు చూడకుండా నన్ను చూశాడు.

"అల్లుడూ, ఆ రోజుల్లో ఈ ఊళ్ళో గుర్రం ఎవరికుంది?"

"ఎవరికి మామా?"

"మా తాతకి. జట్కా తోలేవాడు. ఊరు మొత్తానికి ఒకటే గుర్రం."

నా చేతిలో పంపు జారి కాలిమీద పడింది.

"మామా, నాకు తెలవదు, ఒట్టు!"

"తెలవకుండా కళ్ళు, చెవులు, గుర్రం అన్నీ సరిగ్గా ఎట్టా తగుల్తన్నాయి నీకు? ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నీకు నిజంగా ఏమన్నా తెలిసిందా?" అని గొంతు తగ్గించి, "తెలిస్తే నాకు ముందు చెప్పు. మా తాత ఆ మర్నాడే కొత్త జీను కొన్నాడని మా అమ్మ అనేది. అది నాకు చిన్నప్పటి నుంచీ నిద్ర పట్టనియ్యదు" అన్నాడు.

అదండీ సంగతి. నేను ఉత్త పుణ్యానికి రాసిన ఒక నీచుడు ఊళ్ళో ప్రతి ఇంటి అటకమీదా దుమ్ము దులిపాడు. తాతలందరూ ఆ రోజు ఎక్కడెక్కడున్నారని నీళ్ళబిందెల దగ్గర విచారణ మొదలైంది. తలపాగాలు దిగాయి, చూపులు నేలకి దిగాయి. వీరుడికి ఊరంతా బంధువులే కదా, మరి పట్టించినవాడికి ఒక్క చుట్టమన్నా ఉండాలి, వాడెవడు అని ఒకళ్ళనొకళ్ళు తూకం వేసుకున్నారు.

"ఆ దొంగసచ్చినోణ్ణి పాటలోంచి తీసి అవతల పారెయ్ రాదూ?" అంది నాయనమ్మ.

నిజమే! నాకెందుకు తట్టలేదు? ద్రోహిని పూర్తిగా తీసేశాను. వీరుడు తనంతట తానే తలెత్తి నడుచుకుంటూ వెళ్ళి దొర ముందు నిలబడినట్టు రాశాను. వెళ్ళి కమిటీ ముందు పాడాను. ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. ముగ్గురూ ఒకేసారి లేచారు.

"తీసేశావంటే ఎవణ్ణో దాస్తన్నావు!" అన్నాడు ప్రెసిడెంటు.

"ఉన్నోణ్ణి తీశావంటే ఉన్నట్టేగా!" అన్నాడు చలమయ్య.

"ఇప్పుడు తీస్తే మా ముగ్గురి మీదా మచ్చ ఉండిపోయిద్ది అల్లుడూ. వాడు పాటలో ఉండాల్సిందే. మాకు కాకుండా ఉండాలి" అన్నాడు మస్తాన్ మామ.

"మరెవరికి ఉండాలి మామా?"

"అది బి.ఏ. చదివినోడివి, నువ్వు చూసుకో."

నాకు తెలిసి ఆ ముగ్గురూ కలిసి ఊఁ అన్న రెండో సందర్భం అదే.

ఆగస్టు పదిహేను రానే వచ్చింది. జెండా ఎగిరింది. విగ్రహం మీది గుడ్డ తీశారు. సిమెంటు అంకాలయ్య కొడవలి పట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా నేలమీద కూర్చుంది. ముందు వరసలో నాయనమ్మ, ఉతికిన చీర కట్టుకుని. వెనక ఎక్కడో నాన్న దగ్గు వినపడుతోంది. మస్తాన్ మామ మైకు నా నోటికి సర్ది, "హలో హలో" అని, నా కళ్ళలోకి ఒక చూపు చూసి దిగిపోయాడు. ఉద్యోగమంతా ఆ చూపులోనే ఉంది.

తాళ్ళు తెగాయి. చప్పట్లు. గుడారం కూలింది. ఈలలు. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన జనం మొహాలు చూస్తే లెక్చరరుకి నేను చెప్పిన జవాబు అబద్ధం కాదనిపించింది. ప్రతివాడూ తన చేతిలోనే ఆ కొడవలి ఉన్నట్టు కూర్చున్నాడు. అక్కడితో ఆపి దిగిపోతే ఈ కథ ఉండేది కాదు. ఆగడం నా చేతుల్లో లేదు. పాట ఆ చోటుకి వచ్చేసింది.

"గోడచాటున నక్కి చూసినాడు ఒక్కడు... ఎవడురా వాడెవడురా..."

నాకింకా ఎవడూ దొరకలేదు. మళ్ళీ అన్నాను. "ఎవడురా వాడెవడురా!"

జనం కూడా అందుకున్నారు. "ఎవడురా వాడెవడురా!"

వేదిక మీద కుడిపక్క పిల్లికళ్ళు, ఎడమపక్క తలపాగా, కింద మైకుసెట్టు దగ్గర స్విచ్చి మీద మస్తాన్ మామ వేలు. కళ్ళు వద్దు, చెవులు వద్దు, గుర్రం వద్దు. నల్లవాడంటే సగం ఊరు లేస్తుంది, పొడుగువాడంటే పాతిక ఇళ్ళు లేస్తాయి. ఏ తాత పేరెత్తితే ఎవరూ లేచి కొట్టరు? ఎవరి మనవడు నన్నేమీ అనడు? మెదడులో ఒకే ఒక్క పేరు వెలిగింది.

"మా తాతే! మా సొంత తాతే! మా నాన్నని కన్నవాడే!"

ఒక్క క్షణం మైకు కూడా గుర్రుమనడం మానేసింది. ఆ తర్వాత చూడాలి చప్పట్లు! అంకాలయ్యకి కూడా అన్ని పడలేదు. ప్రెసిడెంటు లేచి నన్ను కౌగిలించుకున్నాడు. చలమయ్య తలపాగా తీసి చెవులకి గాలి తగలనిచ్చాడు. ఎన్నాళ్ళకో ఊరంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

నాయనమ్మ లేచింది.

"ఏందిరా కూసింది? అంకాలయ్యని పట్టుకుపోయేనాటికి మీ తాత ఇంకా పుట్టనే లేదురా సచ్చినోడా!"

"పెద్దామే, కూర్చో" అన్నాడు ప్రెసిడెంటు ప్రేమగా.

"పుట్టనోడు యాడ నక్కి చూస్తాడయ్యా?"

"అత్తా, మనవడు అంత బాగా పాడతంటే మధ్యలో అడ్డమేంది?" అన్నాడు చలమయ్య.

"మా ఆయన చీమకి కూడా..." అని నాయనమ్మ ఇంకా ఏదో అంటూనే ఉంది. మస్తాన్ మామ మైకులో రికార్డు పెట్టేశాడు. ఇన్నేళ్ళకి దొరికిన ద్రోహిని పుట్టలేదనే చిన్న కారణంతో వదులుకోవడానికి ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోలేదు.

మర్నాడు ఉద్యోగం కోసం కమిటీ దగ్గరికి వెళ్ళాను. ముగ్గురూ నాకు కుర్చీ వేశారు. అప్పుడే అనుమానం రావాలి.

"పాట చానా బాగుందిరా కోటీ" అన్నాడు ప్రెసిడెంటు. "నీ నిజాయితీ చూస్తే మాకు కళ్ళనీళ్ళు వచ్చినాయి. కానీ రేపు స్కూల్లో అంకాలయ్య పాఠం చెప్పాలంటే..."

"పట్టించినోడి మనవడు చెప్పాడంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు బాబూ?" అన్నాడు చలమయ్య.

"పెదనాన్నా, అది నేను మీ కోసమే..."

"మా కోసమా?" ముగ్గురూ ఒకేసారి అన్నారు. "మాకేం సంబంధం?"

ఆ పని కమిటీవాళ్ళ బంధువుల కుర్రాడెవడికో పోయింది. నాన్న మళ్ళీ బట్టీకి పోయాడు. నాయనమ్మ నాతో మాట మానేసి, నాకు వినపడేట్టు గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది. "ఏమే గోడా, మొగుడు పోయి ఇరవయ్యేళ్ళయినాక నన్ను ద్రోహి పెళ్ళాన్ని చేశాడే ఈ చదువుకున్నోడు" అని. గోడ నా వైపు మాట్లాడలేదు.

అట్లా రెండు నెలలు గడిచాక ఒక రోజు రాజుపాలెం అవతల ఒక ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను తలుపు చాటుకి పోబోయాను. వాళ్ళు చేతులు జోడించారు.

"మాకూ ఒక వీరుడున్నాడు బాబూ. పాట కూడా ఉంది. మొత్తం పొగడ్తే. జనం సగంలో లేచి పోతన్నారు. మీ పాట వినొచ్చినోళ్ళు చెప్పారు, అందులో ఒక ద్రోహి వస్తాడంట, అక్కడ రక్తం ఉడికిద్దంట. మాకూ అట్టాంటోడు ఒకడు కావాలి. మా ఊరోళ్ళ తాతలైతే గొడవలైతయ్."

"అయితే?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మీ తాతగారు మా ఊరు కూడా వచ్చిపోతా ఉండేవారా?"

రెండో ఆయన అందుకున్నాడు. "ఊరికే అడగటం లేదు. మా ఊళ్ళో స్కూలుంది. తెలుగు పంతులు లేడు."

గడపలో నాయనమ్మ తొడిమలు తుంచడం ఆపింది. ఆమె కొంగు సవరించుకుని లేచింది, వాళ్ళ దగ్గరికి నడిచింది, ఇద్దర్నీ చానాసేపు అనుమానంగా చూసింది.

"ఉద్యోగం పర్మినెంటేనా నాయనా?"

"పర్మినెంటే అమ్మా."

నాయనమ్మ రెండు నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"రాయరా. బతికుండగా మనకి ఒరగబెట్టింది ఎట్టాగూ లేదు, ఇప్పుడన్నా ఇంటికి పనికొస్తాడు. మీ నాన్నకి కబురు పెట్టు, రేపట్నుంచి బట్టీకి పోవద్దని."

నేను ఈ పూట ఈ కాగితం సాక్షిగా, బి.ఏ. పట్టా మీద చెయ్యి పెట్టి, మా ఊరి వీరుడికి ఎదురుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప దేశభక్తుణ్ణి పొగడవలసి వచ్చినా, ఆయన తనంతట తానే దొరికిపోతాడు తప్ప నా పాటలో ఎవడూ గోడచాటున నక్కడు. మా వంశంలో ఇంక అమ్మ వైపు తాత ఒక్కడే మిగిలాడు. హెడ్మాస్టరు ప్రమోషను దాకా ఆయన జోలికి పోను గాక పోను.